సున్నా రాసిన గడి

బండబర్గ్,
ఫిబ్రవరి 9

మెలెసేని అక్కకి,

ఈ ఉత్తరం మన ఊరి హేకీ చేతికిచ్చి పంపుతున్నాను. కోతల కాలం అయిపోయి ఇంటికి వస్తున్నాడు. ఎక్కడా పారేయకుండా ఉండాలని అతని బైబిల్లోనే పెట్టాను. ఆ పుస్తకం అతను తెరిచే రకం కాదు కనుక భద్రంగా చేరుతుంది.

ఫోను ఉండగా ఈ ఉత్తరాల చాదస్తం ఏమిటని బావ నవ్వుతాడు, తెలుసు. ఏం చెయ్యను? నువ్వు ఫోను ఎత్తగానే స్పీకరు నొక్కుతావు. నేనిక్కడ తుమ్మితే అక్కడ నీతో చాపలు అల్లే ఆడవాళ్లంతా తలా ఒక మందు చెబుతారు.

నేను బాగానే ఉన్నాను. చిలగడదుంపల పొలంలో రెండేళ్లు వంగి వంగి పనిచేసిన నడుము, ఈ వృద్ధాశ్రమం పనిలో కాస్త నిటారుగా నిలబడుతోంది. ఇక్కడ నోరీన్ అని తొంభై ఒక్కేళ్ల ముసలావిడ ఉంది. రోజూ తన కట్టుడు పళ్లు తీసి నా జేబులో దాస్తుంది. భోజనాల వేళకి, "ఈ దీవుల పిల్ల నా పళ్లు ఎత్తుకుపోయింది!" అని గోల పెడుతుంది. జేబులోంచి తీసి ఇస్తే, "చూశారా, నేను చెప్పలేదూ?" అంటుంది. నాకు కోపం రాదు సరికదా, ఆవిడ ఒకరోజు అరవకపోతే బెంగగా ఉంటుంది.

ఇక్కడ కొత్త కబురేమిటంటే, మాలాంటి నాలుగేళ్ల కాంట్రాక్టు వాళ్లు ఇక మీదట భర్తనీ పిల్లల్నీ తెచ్చుకోవచ్చని రూలు మార్చారు. మన చర్చిలో ఒకటే సందడి. పాస్టరు భార్య హేయిలాలా రోజుకు నలుగురికి ఫారాలు నింపుతోంది. నన్ను చూసి, "నీకేమ్మా, హాయి. నింపే పని లేదు" అంది. నిజమే, నాకెవరున్నారు? ఉన్న ఒక్క మొగుడూ ఆక్లండ్‌లో ఇంకో కాపురం పెట్టాడు. వాడికి ఫారం నింపితే ఆ కొత్తావిడ ఒప్పుకోవద్దూ?

సియాలేకి తెల్ల బూట్లు పంపుతున్నాను. మే నెలలో పిల్లల ఆదివారం నాడు చర్చిలో వాక్యాలు అప్పజెప్పేటప్పుడు వేసుకోమను. చిన్నమ్మ అడిగిందని చెప్పు.

నీ చెల్లెలు
లోసా

---

ఫోవా దీవి, హాపాయి,
మార్చి 3

లోసాకి,

హేకీ బైబిలు తెరిచాడు. నీ ఉత్తరం కోసమే తెరిచాడనుకో. ఆ వంకనైనా దేవుడి మాట కంటపడింది, ఆ పుణ్యం నీదే.

బూట్లు ఒక వేలు పొడుగయ్యాయి. ముందు గుడ్డ కుక్కి వేస్తాను. పిల్లకి ఈసారి పెద్ద వాక్యం ఇచ్చారు. కోళ్లకి కొబ్బరి వేస్తూ కూడా వల్లె వేస్తోంది, కోళ్లకి సైతం వచ్చేసి ఉంటుంది.

ఇప్పుడొక మాట చెబుతాను, నిలబడి చదువుతుంటే కూర్చో. నువ్వు రాసిన ఆ కొత్త రూలు మీద సియాలేని నువ్వు తీసుకెళ్లు. అక్కడ మంచి బళ్లు ఉన్నాయంటావు కదా. దానికి చదువు బాగా వస్తుంది. ఇక్కడే ఉంటే ఏముంది, నాలాగే తాటాకు చీల్చుకుంటూ కూర్చుంటుంది.

ఎందుకు, ఏమిటి అని అడగకు. పెద్దదాన్ని, చెప్పింది చెయ్యి.

అక్క
మెలెసేని

---

బండబర్గ్,
మార్చి 28

అక్కకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవబుద్ధి కాలేదు.

నేనేం తప్పు చేశాను? పన్నెండేళ్లలో ఒక్కసారైనా సియాలేని నా కూతురు అన్నానా? పెళ్లయి ఎనిమిదేళ్లు నీ ఒడి ఖాళీగా ఉంటే, నా మొదటి కాన్పు నీదే అని కడుపులో ఉండగానే చెప్పాను. బొడ్డు ఊడకముందే నీ చేతుల్లో పెట్టాను. పాలు ఇంకేదాకా మూడు వారాలు పక్క దీవిలో ఉండిపోయాను, దాని ఏడుపు వినపడకుండా. మన ఇళ్లలో అందరూ చేసే పనే చేశాను, గొప్ప చెప్పుకోవడం లేదు. కానీ ఇచ్చిన పిల్లని తిరిగి పంపడమంటే ఇచ్చినదాని మొహాన కొట్టడమే కదా. నేను పంపిన బూట్లలోనో మాటల్లోనో నీకేమైనా తేడా కనిపించిందా?

ఇంకో సంగతి. దుంపల పొలం పనికి మొదటిసారి వచ్చేటప్పుడు ఫారంలో పిల్లలెందరు అని ఒక గడి ఉంది. నేను సున్నా రాశాను. రాజధాని నుకుఅలోఫాలో ఆ ఫారం తీసుకున్న గుమాస్తా, "ఒక్కరూ లేరా?" అని అడిగాడు. "లేరండి. మా అక్కకి ఒక పాప ఉంది" అన్నాను. ఈ వృద్ధాశ్రమం కాంట్రాక్టుకి మళ్లీ అదే ఫారం, మళ్లీ అదే సున్నా. ఇంకేం రాయాలి? ఒకటి అని రాస్తే నీ ఇంట్లో దొంగతనం చేసినట్టు కాదూ? అప్పట్లో ఎవరినీ తెచ్చుకునే వీలు ఎలాగూ లేదు, ఆ గడి ఎందుకో కూడా నాకు తెలియలేదు.

అసలు సంగతి చెప్పు. బావతో గొడవా? పిల్ల ఏమైనా అందా? నువ్వు దాచిపెడితే నాకిక్కడ ముద్ద దిగదు.

లోసా

---

ఫోవా,
ఏప్రిల్ 20

లోసాకి,

నీకు కోపం వస్తే అక్షరాలు కుడివైపు పడిపోతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. తిట్టు, తిట్టించుకోవడానికే ఉన్నాను.

నా గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవడం లేదట. పాంగై ఆసుపత్రికి విదేశీ డాక్టర్లు వచ్చినప్పుడు చూశారు. చిన్నప్పుడు నాకు కీళ్లు వాచి జ్వరం వచ్చేది చూడు, అది లోపల ఇంతకాలం కూర్చుని ఈ పని చేసిందట. ఆక్లండ్‌లో ఆపరేషన్ చెయ్యాలి, జాబితాలో పేరు రాసుకున్నారు. ఆ జాబితా పొడుగెంతో వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. ఊళ్లో జెండాల పండక్కి అందరం కలిసి అల్లాల్సిన చాపలో నా వంతు మిగతావాళ్లే అల్లుతున్నారు. నేను రెండు జానలు అల్లేసరికి ఆయాసం వస్తోంది. మీ బావకి సగమే తెలుసు. సియాలేకి ఏమీ తెలియదు.

నేను పోతే పిల్ల సంగతేమిటో నీకు వేరే చెప్పాలా? నా ఆడపడుచు ఫానె ఈ ఇంట్లో ఏది అడిగినా మీ బావ కాదనకూడదు. అక్క మాట తమ్ముడు దాటడం మన దగ్గర ఎక్కడైనా ఉందా? మొన్న వచ్చి పిల్ల జబ్బలు పట్టుకుని చూసింది. "బలంగా ఉంది. నుకుఅలోఫాలో మా ఇంట్లో పనికి ఆసరాగా ఉంటుంది, నీకు ఎప్పుడైనా ఏమైనా అయితే నేను తీసుకెళ్తాలే" అంది. నవ్వుతూనే అంది. ఫానె ఇంట్లో ఇంతకుముందు ఇద్దరు పిల్లలు ఉండి వచ్చారు, వాళ్ల చేతులు చూశాను.

నేను నీకు పిల్లని తిరిగి ఇవ్వడం లేదు లోసా, దాస్తున్నాను. నాకు ఇంకెవరున్నారు దాచుకోడానికి?

పుట్టుక పుస్తకంలో తల్లిగా నీ పేరే ఉంది. మార్పించాలని నాకెప్పుడూ తోచలేదు. ఊరంతటికీ తెలిసినదానికి కాగితం ఎందుకనుకున్నాను. ఆ కాగితం నకలు ఇందులో పెట్టాను. త్వరగా చూడు.

అక్క

---

బండబర్గ్,
మే 30

నా బంగారు అక్కకి,

నన్ను క్షమించు. ఆ ఉత్తరంలో రాసినవన్నీ మరిచిపో. నీకు ఆయాసం వస్తుంటే నేను బూట్ల గురించి దెబ్బలాడాను.

కాగితాలు పెట్టేశాను. హేయిలాలా పుట్టుక కాగితం చూసి నోరు తెరిచింది, మళ్లీ మూసుకుని, "మా ఇంట్లోనూ ఇలాంటిది ఒకటుందిలే" అంది. నీ ఆపరేషన్ సంగతి ఆక్లండ్ చర్చి వాళ్లతో మాట్లాడుతోంది. డబ్బు చెల్లించి చేయించుకునే వాళ్లకి జాబితా అక్కర్లేదట. నేను రెండు షిఫ్టులు చేస్తున్నాను, నువ్వు ఆ గొడవ పెట్టుకోకు.

నా గదిలో రెండో మంచం వేశాను. కిటికీ పక్కన సియాలేకి, తలుపు పక్కన నాకు. ఆ రెండో మంచం సబితది. నాతో పనిచేసే నేపాలీ అమ్మాయి, నర్సు చదువు కోసం వచ్చింది. చదువయ్యాక ఉండి పనిచేసుకోవచ్చని చెప్పి తీసుకొచ్చారు. చదువు మధ్యలో ఉండగా అలా ఉండిపోవడానికి పెట్టిన వయసు హద్దు తగ్గించేశారు, ఈ పిల్ల హద్దు దాటి ఏడాది అయింది. "రూలు మారేటప్పుడు నేను తరగతిలో కూర్చుని ఉన్నాను దీదీ, నాకెవరూ చెప్పలేదు" అంది. మంచం, అన్నం కుక్కరు నాకిచ్చి వెళ్లిపోయింది. కుక్కరు బాగానే పనిచేస్తోంది.

పిల్లల ఆదివారం ఫొటో అందింది. తెల్ల గౌను, తెల్ల బూట్లు. ముందు వరసలో నిలబడి నోరు ఇంత తెరిచింది. నోరీన్‌కి చూపించి మొదటిసారి నోరు జారి, "మా అమ్మాయి" అన్నాను. చుట్టూ ఎవరైనా విన్నారేమోనని చూసుకున్నాను. ఎవరూ వినలేదు. అప్పుడు ఇంకోసారి అన్నాను.

నీ
లోసా

---

ఫోవా,
జులై 6

లోసాకి,

రెండో మంచం సంగతి చదివి చాలా సంతోషించాను. కిటికీకి అడ్డంగా తెర వెయ్యి, దానికి తెల్లవారకముందే వెలుగు పడితే చిరాకు. లూ వండితే చేమాకు కాడలు తీసెయ్యాలి, గొంతు గీరుకుంటుందని ఏడుస్తుంది. తల దువ్వేటప్పుడు కింద నుంచి దువ్వాలి. దగ్గొస్తే కొబ్బరినూనె వేడి చేసి వీపుకి రాయి. ఇవన్నీ ఒక పుస్తకంలో రాస్తున్నాను, ఇప్పటికి పదకొండు పేజీలు అయింది.

నేను కొంచెం సన్నబడ్డాను. మన చాపల గుంపులో అందరూ అసూయ పడుతున్నారు.

ఒక చిన్న చాప మొదలుపెట్టాను, సన్నరకం. ఎవరి సాయం లేకుండా నేనే అల్లుతున్నాను, అందుకే నిదానం. దేనికో తర్వాత చెబుతాను. వీసా ఆఫీసు వాళ్లు ఏమన్నారు?

అక్క

---

బండబర్గ్,
ఆగస్టు 11

అక్కకి,

ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఏవో వివరాలు అడిగారు. అందరికీ వస్తాయట, కంగారు పడాల్సింది ఏమీ లేదు.

పని ఎక్కువగా ఉంది, పెద్దగా రాయలేకపోతున్నాను. మందులు మానకు. చాప నిదానంగా అల్లు, తొందరేమీ లేదు.

లోసా

---

ఫోవా,
సెప్టెంబర్ 12

లోసాకి,

నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. ఆఫీసు వాళ్లు అడిగిన వివరాలు ఏమిటో నాకు తెలియకపోయినా ఊహించాను. ఈ పిల్ల అక్కదా, చెల్లిదా అని అడిగి ఉంటారు. మన పద్ధతి వాళ్లకేం తెలుసు పాపం? నా వల్ల పని ఆగకూడదని నేనే ఒక నిర్ణయం తీసుకున్నాను.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు గారిని ఇంటికి పిలిచాను. మీ బావ, ఫానె, ఊరి పెద్దలు ఇద్దరు ఉన్నారు. కొత్త చాప పరిచి సియాలేని దాని మీద కూర్చోబెట్టాను. "ఈ పిల్లని మా చెల్లెలు కని నాకు ఇచ్చింది. ఈ రోజు మీ అందరి ముందు తిరిగి ఇచ్చేస్తున్నాను. ఇక నుంచి దీని తల్లి లోసా, నేను పెద్దమ్మని" అన్నాను. పాస్టరు గారు రాసి సంతకం పెట్టారు. ఫానె మొహం మాడ్చుకుంది కానీ పాస్టరు గారి ముందు ఏమీ అనలేకపోయింది.

పిల్లకి ఆ ముందు రోజే చెప్పాను. ఏడవలేదు. "నేనేం తప్పు చేశాను?" అని అడిగింది. మార్చిలో నువ్వు రాసిన మాటే, అక్షరం తేడా లేదు. నీ కూతురే అనుకున్నాను. రాత్రి నా పక్కన పడుకుని, "ఇప్పుడు నిన్ను ఏమని పిలవాలి?" అంది. పెద్దమ్మా అనమన్నాను. పిలవడం మానేసింది. ఏదైనా కావాలంటే వచ్చి చెయ్యి లాగుతోంది.

ఆఫీసు వాళ్లు ఫోను చేసి అడిగితే తడబడకూడదని, రోజూ పొద్దున్నే నీ ఫొటో ముందు నిలబెట్టి నిన్ను అమ్మా అని పిలిపిస్తున్నాను. నాలుగు రోజులైంది. మొదట్లో నోరు పెగలలేదు. ఇప్పుడు కాస్త నయం.

పాస్టరు గారి కాగితం ఇందులో ఉంది. వాళ్లకి చూపించు. చాప పిల్లతో పంపుతాను. లోసా, ఇది రాస్తున్నంతసేపూ నాకు ఊపిరి అందుతూనే ఉంది, నా గురించి భయపడకు. కానీ ఆ మాట అన్నాక ఇల్లంతా ఖాళీ అయిపోయింది. నీకు పన్నెండేళ్ల కిందట ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తెలిసింది. అప్పుడు నేను నిన్ను ఒక్క మాట కూడా అడగలేదు.

మెలెసేని

---

బండబర్గ్,
సెప్టెంబర్ 15

అక్కకి,

పోయిన నెల నీకు అబద్ధం రాశాను. ఆఫీసు ఉత్తరం వివరాల కోసం కాదు.

జులైలో రూలు మళ్లీ బిగించారు. కుటుంబాన్ని తెచ్చుకునే వాళ్ల పాత ఫారాలన్నీ తీసి పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. నా సున్నాలు రెండూ దొరికాయి. పిల్లలు లేరని రెండుసార్లు రాసి, ఇప్పుడు ఒక కూతురు ఉందంటున్నావు, ఏది అబద్ధమో గడువులోగా చెప్పు అన్నారు.

ఇక్కడ డబ్బు తీసుకోకుండా కాగితాలు చూసి సలహా చెప్పే డెబ్ అనే ఆవిడ ఉంది. ఆమెకి మొత్తం చెప్పాను. కడుపులో ఉండగానే నీకిస్తానన్నది, బొడ్డు ఊడకముందే నీ చేతుల్లో పెట్టినది, అన్నీ. ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాత, "లోసా, ఇదంతా నేను నమ్ముతాను. ఆ ఫారంలో దీనికి చోటు లేదు" అంది.

"మరి ఏం చెయ్యమంటారు?" అన్నాను.

"ఆ పిల్ల నీ కూతురే అంటే, ముందు అబద్ధం రాశావని లెక్క. వీసా పోతుంది, మూడేళ్లు ఈ దేశంలో అడుగు పెట్టలేవు. పిల్లా రాదు. కూతురు కాదు, అక్క కూతురు, ఇప్పుడు పొరపాటున పెట్టానని రాసిస్తే, నువ్వు ఉండొచ్చు. పిల్ల రాదు. ఇంకెప్పుడూ తల్లినని అడగలేవు కూడా."

"ఎటు చూసినా పిల్ల రాదు కదా" అన్నాను. ఆమె గడువు తేదీ కింద గీత గీసి కాగితం నా చేతికిచ్చింది.

అక్కా, నేను ఇంటికి వచ్చేద్దామనే అనుకున్నాను. మూటలు కూడా కట్టాను. కానీ నా జీతం ఆగిపోతే నీ ఆపరేషన్ ఆగిపోతుంది. ఆక్లండ్‌లో జనవరికి తారీకు ఇస్తామన్నారు. నువ్వు బతికితే పిల్లకి తల్లి ఉంటుంది. నా పేరు ఉంటే ఎంత, లేకపోతే ఎంత? పన్నెండేళ్లు లేకుండానే గడిచింది కదా. అలా లెక్క వేసుకున్నాను.

నిన్న చివరి రోజు. సంతకం పెట్టే ముందు నీతో ఒక మాట చెబుదామని ఫోను చేశాను. సియాలే ఎత్తింది. "పడుకుంది" అంది. నేను, "బాగున్నావా తల్లీ?" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, లైను పోయిందేమో అనుకున్నాను. ఊపిరి మాత్రం వినపడుతోంది. తర్వాత పెట్టేసింది. దానికి నా మీద కోపమా?

వెళ్లి సంతకం పెట్టాను. సియాలే నా కూతురు కాదు, నాకు పిల్లలు లేరు అని నా చేత్తోనే రాయించారు. పక్కన ఉన్న గడిలో మళ్లీ ఆ సున్నానే రాశాను. మొదటి రెండుసార్లు చెయ్యి ఆగలేదు, అప్పుడు నేను నిజం రాస్తున్నాను.

నువ్వు బాగుపడు. నాకు ఇంకేమీ వద్దు.

లోసా

---

నుకుఅలోఫా,
నవంబర్ 24

చిన్నమ్మకి,

అమ్మ పోయిన సంగతి నాన్న నీకు ఫోనులో చెప్పాడు కదా. అక్టోబర్ రెండు, పొద్దున. పెరట్లో తాటాకు ఎండబెడుతూ కూర్చుని అలాగే ఒరిగిపోయింది. నువ్వు వస్తావని సమాధి చెయ్యడం రెండు రోజులు ఆపారు. ఆ దేశం బయటికి వెళ్తే మళ్లీ రానివ్వరేమోనని నిన్ను ఎవరో ఆపారని నాన్న అన్నాడు. నువ్వు పంపిన పువ్వుల డబ్బు అందింది.

నేనిప్పుడు ఫానె అత్త ఇంట్లో ఉన్నాను. అమ్మ సమాధి అయిన వారానికి వచ్చి తీసుకొచ్చింది. పాస్టరు గారు ఆ రోజు రాసిన కాగితం సంగతి నాన్న ఎత్తితే, "మరి ఆ తల్లి ఏది? రమ్మను, అప్పజెబుతాను" అంది. నాన్న నా బట్టలు మూట కట్టాడు. ఇక్కడ పని ఎక్కువేమీ కాదు. చేతులకి సబ్బు పడదు, అంతే.

అమ్మకి నువ్వు సెప్టెంబర్‌లో రాసిన ఉత్తరం అమ్మ పోయాక వచ్చింది. నేను తెరిచి చదివాను. తప్పయితే క్షమించు. ఆ రోజు ఫోనులో నాకు కోపం లేదు. నిన్ను అమ్మా అని పిలవాలి అని అమ్మ నేర్పింది. ఫొటో ముందు వచ్చేసింది కానీ ఫోనులో రాలేదు. రెండుసార్లు నోరు తెరిచాను. ఇంకొంచెం సేపు నువ్వు ఆగి ఉంటే వచ్చేదేమో, నేనే పెట్టేశాను.

హైస్కూలు పరీక్ష పాసయ్యాను. మంచి మార్కులే వచ్చాయి. అత్త మొదట వద్దంది, పాస్టరు గారు మాట్లాడాక సరే అంది. చేరడానికి ఒక ఫారం ఇచ్చారు. దాంట్లో తల్లి పేరు అని ఒక గడి ఉంది. అమ్మ పేరు రాద్దామంటే, తను నాకు తల్లిని కానని అందరి ముందూ చెప్పింది. నీ పేరు రాద్దామంటే, కాదని నువ్వు సర్కారుకి సంతకం పెట్టావు. తప్పు రాస్తే తర్వాత ఎప్పుడో తీసి పక్కపక్కన పెట్టి చూస్తారని నీ ఉత్తరంలో ఉంది. అందుకే పెన్సిలుతో కూడా ఏమీ రాయలేదు.

ఫారం జనవరి ఆఖరులోగా ఇవ్వాలి. ఏం రాయాలో ఉత్తరంలోనే చెప్పు. ఫోను చెయ్యకు, ఇక్కడ కూడా స్పీకరు పెడతారు. అమ్మ అల్లిన చిన్న చాప నా దగ్గరే ఉంది, అత్త చూడకుండా పరుపు కింద పెట్టాను.

గడి ఖాళీగా వదలకూడదని టీచరు చెప్పింది. నువ్వు రాసినట్టే సున్నా రాసెయ్యనా?

సియాలే